పెయింట్‌తోనే సంక్రాంతి ముగ్గు కార్డు: పావు వంతు గీస్తే చాలు

పండుగ దగ్గర పడేకొద్దీ చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "శుభాకాంక్షల బొమ్మ సొంతంగా చేసుకోవాలని ఉంది. ఫోటోషాప్ లేదు, బొమ్మలు గీయడం రాదు. కంప్యూటర్‌లో ఉన్న పెయింట్‌తో అయ్యే పనేనా?"

అవుతుంది. 1985లో విండోస్ మొదటి వెర్షన్‌తోనే వచ్చిన ప్రోగ్రామ్ అది. గీత గీయడం, గీతను వంచడం, రంగు నింపడం, బొమ్మను తిప్పడం అందులో ఉన్నాయి. ముగ్గుకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

పెయింట్‌లో చేసిన బొమ్మలు పసిపిల్లల పనిలా కనిపిస్తాయంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. మౌస్ పట్టుకుని చేతిగీత గీస్తే ఎంత మంచి చిత్రకారుడికైనా గీత వణుకుతుంది. అందుకే ఈ పద్ధతిలో చేతిగీత ఒక్కటి కూడా ఉండదు. ముగ్గులో పావు వంతు మాత్రమే మనం గీస్తాం, అదీ వంపు గీతల సాధనంతో. మిగతా మూడు పావులనూ పెయింటే తిప్పి అతికిస్తుంది. కంటికి అందంగా కనిపించేది నాలుగు వైపులా తప్పకుండా కుదిరే ఆ సమానత్వమే.

కావలసినవి

విండోస్ 7, 10, 11లలో ఏదైనా ఉన్న కంప్యూటర్, ఒక మౌస్. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో కూడా చేయవచ్చు కానీ ఓపిక ఎక్కువ కావాలి; పక్కింటివారి మౌస్ ఒక గంట అడిగి తెచ్చుకోవడం మేలు. లినక్స్ వాడేవారికి కోలోర్‌పెయింట్ ఉంది. ఏదీ లేనివారు బ్రౌజర్‌లో నడిచే జేఎస్ పెయింట్ వాడవచ్చు. వీటిలో మీటలు కొంచెం వేరుగా ఉన్నా పద్ధతి ఇదే.

తెలుగు అక్షరాలకు మంచి ఫాంటు ఒకటి కావాలి. విండోస్‌తో వచ్చే నిర్మలా, గౌతమి చదవడానికి బాగుంటాయి కానీ పండుగ కళ ఉండదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లన్నిటా పనిచేసే) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పెద్ద అక్షరాలకు రామభద్ర, కింద చిన్న వరుసకు మండలి లేదా మల్లన్న తీసుకోండి. దించుకున్న ఫైలు మీద కుడి మీట నొక్కి ఇన్‌స్టాల్ ఎంచుకుని, పెయింట్‌ను ఒకసారి మూసి తెరిస్తే జాబితాలో కనిపిస్తాయి.

రంగులు నాలుగే. పక్కన ఇచ్చిన అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో ఉన్నాయి. ఎడిట్ కలర్స్ పెట్టెలో వీటిని టైపు చేస్తే ఎవరి కంప్యూటర్‌లోనైనా అదే రంగు వస్తుంది.

- ఎర్రమట్టి నేల: 92, 38, 24
- ముగ్గు తెలుపు: 255, 248, 235
- పసుపు: 242, 183, 5
- కుంకుమ: 190, 30, 45

ఆకుపచ్చ కూడా ఉంటే బాగుంటుందనిపిస్తుంది. ఈసారికి వద్దు. పెయింట్‌లో సిద్ధంగా కనిపించే నీలం, గులాబి, చిలకపచ్చలను అన్నీ కలిపి వాడటమే ఇలాంటి బొమ్మలను పాడుచేస్తుంది. ముదురు నేల మీద తెల్లని గీత, రెండే రెండు పొడి రంగులు: మన వాకిళ్లలో తరతరాలుగా నిలిచిన కూర్పు ఇది.

చేసే విధానం

1. పావు వంతు నేల సిద్ధం చేయండి. పెయింట్ తెరిచి కంట్రోల్+ఇ నొక్కండి. వచ్చిన పెట్టెలో కొలత పిక్సెల్స్‌లో (బొమ్మను కూర్చే చిన్న గడుల్లో) ఉందని చూసుకుని వెడల్పు 540, ఎత్తు 540 ఇవ్వండి. మొదటి రంగుగా ఎర్రమట్టిని ఎంచుకుని, ఫిల్ సాధనంతో ఒక్కసారి నొక్కితే నేల మొత్తం నిండుతుంది.

నేలను ముందే నింపాలి. గీతల అంచులు నునుపుగా కనిపించేందుకు పెయింట్ వాటి చుట్టూ సన్నగా కలగలుపు రంగు వేస్తుంది. తెల్ల కాగితం మీద గీసి తర్వాత నేల నింపితే, ఆ కలగలుపు ప్రతి గీత పక్కనా మురికి అంచులా మిగిలిపోతుంది.

విండోస్ 11లో లేయర్స్ పలక కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి. పని అంతా ఒకే పొరలో జరగాలి.

2. చిరునామాలు చదవడం అలవాటు చేసుకోండి. మౌస్‌ను కాగితం మీద కదిపితే కిటికీ అడుగున ఎడమ మూల రెండు అంకెలు మారుతుంటాయి. మొదటిది ఎడమ అంచు నుంచి దూరం, రెండోది పై అంచు నుంచి దూరం. ఇకపై చెప్పే చోట్లన్నీ ఈ అంకెలతోనే. ఒకటి రెండు పిక్సెల్స్ అటూ ఇటూ అయినా పరవాలేదు, అంచుల దగ్గర తప్ప. ఈ పావుకు కుడి కింది మూల ముగ్గుకు నడిమధ్య అవుతుందని గుర్తుంచుకోండి.

3. రేకులు గీయండి. షేప్స్‌లో వంపు గీత బొమ్మను ఎంచుకోండి. మందం 5 పిక్సెల్స్, రంగు ముగ్గు తెలుపు.

ఈ సాధనం తీరు కొత్తవారికి వింతగా ఉంటుంది. మొదట నొక్కి లాగితే తిన్నని గీత వస్తుంది. తర్వాత ఎక్కడ నొక్కి లాగితే అటు ఆ గీత వంగుతుంది. రెండో వంపుకు కూడా అవకాశం ఇస్తుంది. మనకు అక్కర్లేదు కాబట్టి అదే చోట రెండోసారి నొక్కాలి.

పై రేకు: 539, 100 దగ్గర మొదలుపెట్టి 539, 480 దాకా లాగండి. గీత సరిగ్గా కుడి అంచు మీద పడుతుంది. ఇప్పుడు 460, 290 దగ్గర రెండుసార్లు నొక్కండి. సగం రేకు కనిపిస్తుంది. మిగతా సగం తర్వాత దానంతట అదే వస్తుంది.

పక్క రేకు: 100, 539 నుంచి 480, 539 దాకా లాగి, 290, 460 దగ్గర రెండుసార్లు నొక్కండి.

మూల రేకు: దీనికి రెండు గీతలు కావాలి. 230, 230 నుంచి 498, 498 దాకా లాగి 420, 308 వైపు వంచండి. మళ్లీ అదే 230, 230 నుంచి 498, 498 దాకా లాగి ఈసారి 308, 420 వైపు వంచండి. రెండు గీతలూ ఒకే కొన నుంచి మొదలవ్వాలి. ఒకటి బయటి నుంచి, ఇంకొకటి లోపలి నుంచి మొదలుపెడితే రేకు ఒక పక్కకు ఒరిగిపోవచ్చు.

వంపు నచ్చకపోతే కంట్రోల్+జడ్ కొట్టి మళ్లీ వేయండి. రబ్బరుతో దిద్దవద్దు, అది నేల రంగును కూడా చెరిపేస్తుంది.

4. చుక్కలు, అంచు. షేప్స్‌లో వృత్తం ఎంచుకుని, ఫిల్‌ను సాలిడ్‌గా మార్చి, రెండు రంగులనూ ముగ్గు తెలుపు చేయండి. షిఫ్ట్ మీట పట్టుకుని 377, 160 నుంచి 397, 180 దాకా లాగితే రెండు రేకుల మధ్య చక్కని చుక్క వస్తుంది. రెండోది 160, 377 నుంచి 180, 397 దాకా. షిఫ్ట్ పట్టుకోకపోతే చుక్క కోడిగుడ్డు అవుతుంది.

ఇక అంచు. తిన్నని గీత సాధనంతో, షిఫ్ట్ పట్టుకుని, 30, 30 నుంచి 539, 30 దాకా ఒకటి. 30, 30 నుంచి 30, 539 దాకా ఒకటి. మూల కలిసిన చోట 10, 10 నుంచి 50, 50 దాకా వృత్తం గీయండి. గీత తెలుపు, లోపలి రంగు కుంకుమ. గీతల అతుకు దాని కింద దాగిపోతుంది.

5. రంగులు నింపండి. ఫిల్ సాధనంతో పై రేకు, పక్క రేకు లోపల పసుపు. మూల రేకులో కుంకుమ. నాలుగు భాగాలుగా అతికించాక నింపాలంటే ఎనిమిది చోట్ల నొక్కాలి, ఇప్పుడైతే మూడే.

నేల అంతా ఒక్కసారిగా పసుపైపోయిందా? గీతలో ఎక్కడో సందు ఉంది. వెంటనే కంట్రోల్+జడ్ కొట్టి, 400 శాతానికి పెంచి చూడండి. సాధారణంగా సందు ఉండేది రేకు కొన దగ్గర, కుడి అంచులోనో కింది అంచులోనో. 539 బదులు 535 దగ్గర మొదలుపెట్టి ఉంటారు. ముగ్గు తెలుపుతో పెన్సిల్ తీసుకుని ఆ నాలుగు గడులూ మూసి మళ్లీ నింపండి.

ఫైలును పీఎన్‌జీగా "ముగ్గు పావు" అని సేవ్ చేయండి. తర్వాత ఏం చెడినా ఇక్కడికి తిరిగి రావచ్చు.

6. పావును నిండు ముగ్గు చేయండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పావును కాపీ చేసి, తిప్పి, మౌస్‌తో లాగి పక్కన పెడతారు. ఒక పిక్సెల్ అటో ఇటో అయి, నడుమ సన్నటి గీతో మెట్టో మిగులుతుంది. మౌస్‌తో లాగే పని లేకుండా అతికించే దారి ఉంది. వరుస తప్పకుండా చేయండి.

- కంట్రోల్+ఎ, తర్వాత కంట్రోల్+సి. పావు కంప్యూటర్ జ్ఞాపకంలోకి వెళ్లింది.
- ఎస్కేప్ నొక్కి ఎంపికను తీసేయండి. చుట్టూ చుక్కల గీత పోవాలి.
- కంట్రోల్+ఇ నొక్కి వెడల్పు 1080 చేయండి. కుడివైపు ఖాళీ చోటు వస్తుంది.
- రొటేట్ లేదా ఫ్లిప్ మెనూలో ఫ్లిప్ హారిజాంటల్. కాగితం మొత్తం తిరగబడి, ముగ్గు కుడికి, ఖాళీ ఎడమకు వస్తుంది.
- కంట్రోల్+వి. అసలు పావు ఎడమ పై మూలలో, ఖాళీలో సరిగ్గా కూర్చుంటుంది. ఎస్కేప్ నొక్కకుండా, కాగితం బయట ఎక్కడైనా నొక్కి దాన్ని స్థిరపరచండి.

పై సగం సిద్ధం. ఇప్పుడు అదే పని నిలువుగా: కంట్రోల్+ఎ, కంట్రోల్+సి, ఎస్కేప్, కంట్రోల్+ఇ లో ఎత్తు 1080, ఫ్లిప్ వర్టికల్, కంట్రోల్+వి. నిండు ముగ్గు కళ్లముందుంటుంది.

ఇక్కడ నాలుగు జాగ్రత్తలు. ఎంపిక తీసేయకుండా తిప్పితే ఎంచుకున్న ముక్క మాత్రమే తిరుగుతుంది, కాగితం తిరగదు. కంట్రోల్+ఇ బదులు కంట్రోల్+డబ్ల్యూ నొక్కితే కాగితం పెరగడానికి బదులు ముగ్గే సాగిపోతుంది. పేస్ట్ చేసిన ముక్క తెరపై కనిపించే భాగానికి ఎడమ పై మూలలో పడుతుంది కాబట్టి, ముందే జూమ్ తగ్గించి కాగితం మొత్తం కనిపించేలా పెట్టుకోండి. సెలెక్ట్ మెనూలో ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ గుర్తు తీసేసి ఉండాలి.

7. నడిమి బొట్టు. రేకుల లోపలి కొనలన్నీ మధ్యలో కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి. కుంకుమ రంగు నింపిన వృత్తాన్ని తెల్లని గీతతో 470, 470 నుంచి 610, 610 దాకా షిఫ్ట్ పట్టుకుని గీయండి. గీస్తున్నప్పుడు అడుగున 140 × 140 అని కొలత కనిపించాలి. లోపల 510, 510 నుంచి 570, 570 దాకా పసుపు వృత్తం ఇంకొకటి వేస్తే నిండుగా ఉంటుంది.

అక్షరాలు లేని ఈ రూపాన్ని "ముగ్గు నిండు" అని వేరే పేరుతో సేవ్ చేయండి.

8. అక్షరాలకు చోటు, అక్షరాలు. కలర్ పికర్‌తో నేల మీద కుడి మీట నొక్కండి; రెండో రంగు ఎర్రమట్టి అవుతుంది. ఇప్పుడు కంట్రోల్+ఇ లో ఎత్తు 1350 చేస్తే ముగ్గు కింద అదే రంగు పట్టీ వస్తుంది. రెండో రంగు మార్చడం మరిచిపోతే పట్టీ తెల్లగానో వేరే రంగులోనో వస్తుంది. అలాగైతే ఫిల్‌తో నింపితే సరి.

ముగ్గు మీదే అక్షరాలు రాయాలనే కోరిక చాలామందికి ఉంటుంది. రాయకండి. ముగ్గూ పాడవుతుంది, మాటా చదవలేం.

విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుని ఉంటే విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. లేకపోతే ఫోనులో టైపు చేసి మీకే మెయిల్ పంపుకుని, ఇక్కడ పేస్ట్ చేయండి. అను వంటి పాత డీటీపీ (అచ్చు పనుల) ఫాంట్లలో టైపు చేసినది తెస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి.

టెక్స్ట్ సాధనంతో పట్టీ మీద పెద్ద పెట్టె గీయండి. నేపథ్యం ట్రాన్స్‌పరెంట్, రంగు పసుపు, ఫాంటు రామభద్ర, సైజు 60తో మొదలుపెట్టి "సంక్రాంతి శుభాకాంక్షలు" అని రాయండి. ఇరువైపులా కనీసం 80 పిక్సెల్స్ ఖాళీ మిగలాలి. పట్టకపోతే సైజు తగ్గించండి.

తెలుగుకు పెట్టె ఎత్తు ఎక్కువ కావాలి. కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కదా. పెట్టె ఇరుకైతే "క్రాం"లో ఒత్తు అడుగున తెగిపోతుంది. ఇటాలిక్ మాత్రం పెట్టకండి. తెలుగు అక్షరాల గుండ్రదనం వాలిస్తే చెడుతుంది.

పెట్టె బయట నొక్కిన మరుక్షణం అక్షరాలు బొమ్మలో కలిసిపోతాయి. ఆ తర్వాత దిద్దడం కుదరదు. కాబట్టి నొక్కేముందే ఒక్కో అక్షరం చదవండి. "సంక్రాతి", "శుభాకంక్షలు" అని సున్నానో దీర్ఘమో ఎగిరిపోయిన కార్డులు ఏటా ఎన్నో తిరుగుతుంటాయి. ఇంకొకరి చేత చదివించడం ఇంకా మంచిది.

9. అక్షరాలను మధ్యకు తేవడం. విండోస్ 11 కొత్త పెయింట్‌లో మధ్యకు అమర్చే బటన్ ఉంది. పెట్టెను ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా గీసి దాన్ని నొక్కితే చాలు. పాత వాటిలో లెక్క వేసుకోవాలి. అక్షరాల చుట్టూ బిగుతుగా ఎంపిక గీస్తే అడుగున వెడల్పు కనిపిస్తుంది. అది 820 అనుకుందాం. 1080లోంచి తీసేస్తే 260, అందులో సగం 130. అంటే మొదటి అక్షరం 130 దగ్గర మొదలవ్వాలి. అక్కడ పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని, మళ్లీ ఎంచుకుని, బాణం మీటలతో గుర్తు దాకా జరపండి. బాణం మీట ఒక్కో నొక్కుకు ఒక్కో పిక్సెల్ జరుపుతుంది. ఆ తర్వాత గుర్తు మీద నేల రంగు వేసేయండి.

కింద చిన్న వరుసలో మీ కుటుంబం పేరో ఊరి పేరో మండలి ఫాంటులో, ముగ్గు తెలుపులో, సైజు 28 దగ్గర రాయవచ్చు. అంతకు మించి రాయకండి. దీపం బొమ్మ, గాలిపటం బొమ్మ ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తే, వాటి చుట్టూ తెల్ల డబ్బా వచ్చి ఇంతసేపు చేసినది వృథా అవుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

అక్షరాలు వేయకముందే "ముగ్గు నిండు" తెరిచి ఫ్లిప్ హారిజాంటల్ కొట్టండి. బొమ్మలో ఏమీ కదలనట్టే ఉండాలి. ఏదైనా చుక్కో బొట్టో పక్కకు గెంతినట్టు కనిపిస్తే, అది మధ్యలో లేదన్నమాట. ఫ్లిప్ వర్టికల్‌తోనూ ఇదే చూడండి. కంటికి తెలియని తేడాను ఈ పరీక్ష ఇట్టే పట్టేస్తుంది.

తర్వాత 800 శాతానికి పెంచి, మధ్య నిలువు అతుకు వెంట పై నుంచి కిందికి రండి. పై రేకు కొన దగ్గర చిన్న సూది మొన ఉంటే బాగానే ఉన్నట్టు. రేకుకు అందం అదే. గుండ్రని రేకు కావాలంటే మాత్రం గీత అంచును అడ్డంగా, గోడకు చువ్వ కొట్టినట్టు తగలాలి. ఏటవాలుగా తగిలితే మొన వస్తుంది.

చివరికి 25 శాతానికి తగ్గించి చూడండి. ఫోను తెర మీద ఇంచుమించు అంతే కనిపిస్తుంది. ఆ సైజులో అక్షరాలు చదవగలిగితే చాలు. చదవలేకపోతే మందమైన ఫాంటు తీసుకోండి, లేదా రెండు వరుసలుగా విడదీసి సైజు పెంచండి.

సేవ్ చేయడం, పంపడం

ఎప్పుడూ పీఎన్‌జీగానే సేవ్ చేయండి. జేపెగ్ ఫోటోలకు మంచిదే కానీ, ఇలాంటి గట్టి అంచుల బొమ్మలో గీతల చుట్టూ దుమ్ములాంటి మచ్చలు తెస్తుంది. జేపెగ్‌ను తెరిచి, దిద్ది, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఆ మచ్చలు పెరుగుతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది బొమ్మను కుదిస్తుంది. నాణ్యత ముఖ్యమైతే డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి.

అచ్చు వేయించాలంటే 1080 పిక్సెల్స్ చాలవు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 3.6 అంగుళాలే వస్తుంది. మొదటినుంచీ పై అంకెలన్నిటినీ రెట్టింపు చేసుకోండి: పావు 1080, నిండు 2160, గీత మందం 10. అప్పుడు 7.2 అంగుళాల వెడల్పు కార్డు స్పష్టంగా అచ్చవుతుంది. చిన్నది చేసి తర్వాత సాగదీస్తే గీతలు మసకబారతాయి.

చుక్కల ముగ్గు కావాలంటే

సరి చుక్కల ముగ్గు ఈ పద్ధతికి బాగా ఒదుగుతుంది. ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరుసలు అనుకోండి. పావుకు నాలుగు చుక్కలు, నాలుగు వరుసలు. చుక్కల మధ్య దూరం 100 పెట్టుకుంటే అంచుకు దగ్గరి చుక్క అందులో సగం, అంటే 50 దూరంలో ఉండాలి. కాబట్టి చుక్కల చోట్లు 490, 390, 290, 190. అతికించాక నడుమ దూరం కూడా 100 అవుతుంది.

మెలికల ముగ్గులతో జాగ్రత్త. చాలా మెలికల ముగ్గులు అద్దంలో చూసినట్టు ఉండవు, చక్రంలా తిరుగుతాయి. వాటిని ఫ్లిప్ చేస్తే మెలిక తెగిపోతుంది. వాటికి పావును 90 డిగ్రీల చొప్పున రొటేట్ చేసి నాలుగు మూలల్లో అమర్చాలి. మీ ముగ్గు ఏ రకమో తెలియాలంటే కాగితం మీద గీసి అద్దం ముందు పట్టండి. అద్దంలోనూ అలాగే కనిపిస్తే ఫ్లిప్, వేరుగా కనిపిస్తే రొటేట్.

"ముగ్గు నిండు" ఫైలును దాచి ఉంచండి. ఉగాదికి ఎనిమిదో మెట్టు నుంచి మొదలుపెట్టి, మాట మార్చి, రేకుల్లో కుంకుమ బదులు మామిడాకు పచ్చ నింపితే ఇంకో కార్డు పావుగంటలో సిద్ధమవుతుంది.